వాగు దాటే చోట ఊపిరి

కలిహి, హొనొలులు
జనవరి 1986

లుయికా వదినకి,

ఇంగ్లీషులో రాస్తున్నానని ముందే తిట్టుకోకు. మన దీవుల మాట నా చెవికి అర్థమవుతుంది గానీ చేతికి రాదు. నీకు తెలియంది కాదు.

బడి ఉద్యోగం మానేశాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక ఒక కొత్త పనిలో పడ్డాను. మా వీధి చివర కవికా అనే కుర్రాడు వాళ్ళ నాన్న కారు షెడ్డులో అచ్చు మిషను పెట్టాడు. మన మాటలో పుస్తకాలు వేస్తామంటాడు. నేను నవ్వేదాన్నే, పక్కనే ఉన్న చిన్నపిల్లల బడికి ఒకసారి తీసుకెళ్ళకపోయి ఉంటే. అక్కడ నాలుగేళ్ళ పిల్లలు కూడా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మన మాటే మాట్లాడుతున్నారు వదినా. నీళ్ళు కావాలన్నా, కొట్టుకున్నా మన మాటే. చదువుకోవడానికి మాత్రం ఒక్క పుస్తకం లేదు. పంతులమ్మలు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెచ్చి, అక్షరాల మీద మన మాటలు రాసిన కాగితం ముక్కలు జిగురుతో అంటిస్తున్నారు. ఒక పుస్తకంలో నక్క బొమ్మ ఉంది. మన దీవుల్లో నక్క ఎక్కడిది? ఏం రాయాలో తోచక 'ఎర్ర కుక్క' అని అంటించారు. పిల్లలు ఇప్పుడు మా వీధి కుక్కని చూసి, అది ద్రాక్షపళ్ళు తింటుందా అని అడుగుతున్నారు.

అందుకే ఒక పెద్ద పుస్తకం వేద్దామనుకుంటున్నాం. మన కథలతో, మన పాటలతో. నీకు తెలిసిన కథలన్నీ రాసి పంపు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ గాలుల పాట. కమాలో నుంచి తూర్పు కొస దాకా ఒక్కొక్క లోయ గాలినీ పేరు పెట్టి పిలిచే ఆ పాట తెలిసినవాళ్ళు ఇప్పుడు నువ్వు తప్ప ఎవరూ లేరు. పుస్తకానికి అదే గుండెకాయ. తొందరగా పంపు.

నీ ఆడపడుచు,
కేహావు


కమాలో, మొలొకయి
ఫిబ్రవరి

పంతులమ్మ ఆడపడుచుగారికి,

నీ ఉత్తరం పక్కింటి పౌలో తెచ్చి ఇచ్చాడు. వల భుజాన వేసుకుని, "కొండమీదికి పోతున్నా పిన్నీ" అని చెప్పి సముద్రంవైపు నడిచాడు. చేపలు వింటాయని వాడికి ఇంకా భయమే. మంచిదేలే, వాడి భయం వల్లనే నాకు రోజూ కూర దొరుకుతోంది.

నీ ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. నేను మాత్రం మన మాటలోనే జవాబు రాస్తున్నాను. అర్థం కాకపోతే నిఘంటువు చూసుకో. అదీ చాలకపోతే ఆ నాలుగేళ్ళ పిల్లల్నే అడుగు.

ఎర్ర కుక్క సంగతి చదివి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. ఇన్ని మాటలున్న భాష, జిగురు కాగితాల పాలైంది చూడు. నవ్వు అయ్యాక ఏడుపొచ్చింది.

కథలు పంపుతున్నా. చేపల మడుగులో ఉండే బల్లి ఆడమనిషి కథ ఒకటి. మడుగు గోడ రాయి ఊడితే ఎవరు సరిచెయ్యలేదో ఆవిడకి తెలిసిపోతుందే, అది. సొరచేప మేనల్లుడి కథ ఇంకొకటి. మా అత్త ఎలా చెప్పేదో అలాగే రాశాను. ఆవిడ ఆగి తనలో తాను నవ్వుకునే చోట గీత గీశాను. అక్కడ మీరూ ఆగండి, గడగడా చదివెయ్యకండి.

గొంతు కాస్త బొంగురుపోయింది. కుకుయి గింజలు కాల్చి ఉప్పేసి నూరి తింటున్నా. పెద్ద సంగతేం కాదు. చేమదుంపలు ఈసారి బాగా ఊరాయి. పౌలో చేత ఒక బస్తా పంపనా?

గాలుల గురించి అడిగావు. ఇక్కడ గాలి బాగానే వీస్తోంది.

నీ వదిన,
లుయికా


కలిహి
మార్చి

వదినా,

కథలు అందాయి. కవికా వాటిని రెండుసార్లు చదివి, "ఈవిడెవరండీ, ఇంత బాగా చెప్తుంది!" అన్నాడు. మా అన్న పెళ్ళాం అని చెప్పుకున్నాను, గర్వంగానే.

కానీ గాలి బాగానే వీస్తోందని రాశావే, అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నేను అడిగింది వాతావరణం కాదు.

ఈ మాట ఎన్నేళ్ళుగానో నాలోనే పెట్టుకున్నాను. ఇవాళ రాసేస్తున్నాను. అమ్మ నాకు ఇంగ్లీషు ఇచ్చింది, నీకు పాట ఇచ్చింది. నేను సెలవులకి ఇంటికొచ్చి వంటింట్లో అడుగుపెడితే మీరిద్దరూ మాట మార్చేసేవాళ్ళు. అప్పటిదాకా ఏదో చెప్పుకుని కిలకిలా నవ్వుతున్నవాళ్ళు నన్ను చూడగానే ఇంగ్లీషులో, "అన్నం తిన్నావా, రైలు బొమ్మ గీశావా" అని అడిగేవాళ్ళు. అప్పటికి నాకు పాతికేళ్ళు వదినా! రైలు బొమ్మలేంటి నా మొహం! సొంత ఇంట్లో చుట్టం లాగా కూర్చునేదాన్ని.

ఆ ఇంట్లో పుట్టింది నేను. మావీ దీవి నుంచి పడవెక్కి కాపురానికి వచ్చింది నువ్వు. మా అమ్మమ్మ దగ్గర్నుంచి మా అమ్మకి వచ్చిన పాట నాకు రావాల్సింది. అది నీ దగ్గర ఉండిపోయింది. కనీసం పుస్తకంలోకైనా రానియ్యవా? నువ్వూ నేనూ పోయాక అది ఎవరికుంటుంది? చేపలకా?

కోపంగా రాశాను. చింపేసి మళ్ళీ రాద్దామనుకున్నాను గానీ, మళ్ళీ రాసినా ఇదే రాస్తాను.

కేహావు


కమాలో
ఏప్రిల్

కేహావూ,

నిజమే. మావీ నుంచి వచ్చినదాన్ని. ఆ సంగతి నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ప్రతి పొద్దునా గుర్తొస్తుంది.

నీకో సంగతి చెప్పాలి. చెప్పకూడదని కాదు, నువ్వు అడిగితే చెబుదామని ఉన్నాను. నీ అన్నని చేసుకున్న కొత్తలో ఒకరోజు అత్తా నేనూ మడుగు గోడ రాళ్ళు సర్దుతున్నాం. మోకాళ్ళ లోతు నీళ్ళు. అత్త ఉన్నట్టుండి గాలుల పాట మొదటి చరణం అని, "అను" అంది. నేను అన్నాను. రెండోది చెప్పింది. నాకు భయమేసింది.

"అత్తా, ఇది మీ ఇంటిది. మీ అమ్మాయికి నేర్పాలి గానీ నాకేంటి?" అన్నాను.

"దానికి నేర్పితే ఏమైందో నీకేం తెలుసు?" అంది. "బళ్ళో వేసిన మొదటిరోజు ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడిందంట. సాయంత్రం వచ్చేసరికి అరచేతులు వాచిపోయి ఉన్నాయి. ఎందుకే అంటే చెప్పదు. అన్నం కలుపుకోలేక పోయింది ఆ రాత్రి. నేనే తినిపించాను. ఆ రోజే అనుకున్నా, నా బిడ్డ చేతులకంటే నాకు ఏ మాటా ఎక్కువ కాదని."

అదీ సంగతి. మేం వంటింట్లో మాట మార్చింది నిన్ను బయట పెట్టడానికి కాదు. నువ్వు పెద్దదానివైపోయినా ఆవిడకి ఆ వాచిన చేతులే కనిపించేవి.

ఆ తర్వాత అత్త ఇంకో మాట అంది. "ఇది నీకిచ్చాననుకోకు లుయికా. నీ దగ్గర పెడుతున్నాను. నా కూతురు వాకిట్లో నిలబడి, పిలుపు పాడి అడిగిన రోజున దాని చేతిలో పెట్టు."

నేను ఎదురుచూశాను. అత్త పోయినప్పుడు వచ్చావు. నీ అన్న కెయోకి పోయినప్పుడు వచ్చావు. రెండుసార్లూ టాక్సీ దిగి సరాసరి వంటింట్లోకి వచ్చి, కాఫీ ఉందా వదినా అన్నావు. వాకిట్లో ఆగలేదు, అడగలేదు. నేనై ఎదురొచ్చి ఇస్తే అత్త మాట తప్పినదాన్నవుతానని ఊరుకున్నాను. నీకేం తెలుసని, నా పిచ్చిగానీ.

ఇప్పుడు అడిగావు. ఉత్తరం వాకిలి కాదు. అయినా పంపుతున్నాను, ఈ కవరులోనే ఉంది చూడు, మొదటినుంచి చివరిదాకా. ఇంకా ఆగడం నాకు కుదిరేటట్టు లేదు. ఎందుకని అడగకు.

లుయికా


కలిహి
మే

వదినా,

ఈ ఉత్తరం మన మాటలో రాస్తున్నా. నిఘంటువు ఒళ్ళో ఉంది. తప్పులుంటే నవ్వుకో, తర్వాత దిద్దు.

అమ్మ అన్నం తినిపించిన రోజు నాకు గుర్తుంది. చేతులు చూసిందని మాత్రం తెలియదు. గుప్పిళ్ళు మూసుకునే ఉన్నాననుకున్నాను. కిందటి ఉత్తరంలో నిన్నన్న మాటలకి క్షమించమని అడగడానికి ఈ నిఘంటువులో సరైన మాట దొరకలేదు. నీకే తెలిసుంటుంది, ఆ మాట రాసి పంపు, అది వాడి క్షమాపణ చెప్పుకుంటా.

పాట చదివాను. రాళ్ళు నాకే గాలి, మడుగు నీళ్ళకి ముడతలు పెట్టే గాలి, ఆరేసిన వలల్ని ఊపే గాలి! పైకి చదువుతుంటే కవికా మిషను ఆపేశాడు. వెంటనే అక్షరాలు కూర్చి అచ్చు తీశాడు. చూడగానే నీకే పంపాలనిపించింది. కాగితాలు ఇందులో పెడుతున్నాను. అందంగా వచ్చింది కదూ? పేజీకి ఇరవై వరసలు, చుట్టూ ఆకుల అంచు. పిల్లలకి బాగా నచ్చుతుంది.

చేమదుంపలు పంపు. సిగ్గుపడకుండా అడుగుతున్నా.

కేహావు


కమాలో
మే

కేహావూ,

ఎవరు కోశారు దీన్ని?

ఆకుల అంచు బాగుంది. మిగతాది చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇరవై వరసలు అయిపోయాయి కాబట్టి పేజీ అయిపోయిందట! రెండో పేజీ చివర కొండ చరియ గాలిని పిలవడం మొదలుపెట్టి, సగంలో ఆపి, మిగతా సగం మూడో పేజీలో పెట్టారు. చదివేవాళ్ళు ఏం చేస్తారు? పేజీ తిప్పుతూ ఊపిరి తీసుకుంటారు. సరిగ్గా చరియ మీద ఊపిరి తెగుతుంది. గాలిని సగం పేరుతో పిలిచి వదిలేస్తే మంచిది కాదని నీకు ఎవరూ చెప్పలేదా? మా అత్త ఒకసారి మధ్యలో తుమ్మి, మళ్ళీ మొదటినుంచి అందుకుంది, చర్చికి ఆలస్యమైనా సరే.

ఒక్కొక్క ముక్క ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఆగే చోట్లు వేరే ఉన్నాయి.

ఎక్కడో రాసి పంపమంటావు, కదూ? అదే కష్టంగా ఉంది. నేను దీన్ని మడుగులోనూ వంటింట్లోనూ నిలబడి నేర్చుకున్నాను. అత్త ఆగిన చోట నేనూ ఆగాను, ఎందుకు ఆగుతుందో అడగలేదు. మొన్నటిదాకా ఒంటికి తెలిసేది. ఈమధ్య ఈ గొంతుతో సగం దూరం కూడా వెళ్ళలేకపోతున్నా. ఊపిరి చాలక ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేసరికి, అసలు ఆగాల్సిన చోటేదో నాకే అనుమానం వచ్చేసింది. నిన్న పొయ్యి ముందు కూర్చుని ప్రయత్నించి, ప్రయత్నించి ఏడ్చాను. ముప్పై ఏళ్ళు దాచినది తీరా ఇచ్చే రోజుకి చెయ్యి జారుతోంది.

ఆ కుర్రాడితో చెప్పు, అచ్చు వెయ్యొద్దని. తప్పుగా ఉండేకంటే లేకపోవడం నయం.

లుయికా


కలిహి
జూన్

లుయికా వదినకి,

నేనూ అంతే అనుకున్నాను, వెయ్యొద్దని. కవికా మొహం వేలాడేశాడు. "పుస్తకం మొత్తం దాని చుట్టూనే కూర్చాం టీచర్" అన్నాడు. టేపు రికార్డరు పట్టుకుని మీ ఊరొస్తానన్నాడు. ఆ గొంతుతో ఆవిడ్ని బాధపెట్టకు అని చెప్పాను. నీ గొంతు సంగతి నువ్వు నాకు సరిగ్గా చెప్పడం లేదు. అది తర్వాత తేల్చుకుంటా.

మొన్న ఆదివారం గిన్నెలు కడుగుతున్నాను. కుళాయి కింద చేతులు చల్లగా తగిలేసరికి ఏదో గుర్తొచ్చింది. చిన్నప్పుడు అమ్మా నేనూ ఉప్పుచేపల బుట్ట పట్టుకుని తూర్పు కొసన ఉన్న పెద్దమ్మ ఇంటికి నడిచి వెళ్ళేవాళ్ళం. నువ్వు ఇంకా ఆ ఇంటికి రాకముందు. దారంతా అమ్మ నోట్లోనే ఏదో అనుకుంటూ నడిచేది. నాకు వినపడేటట్టు ఎప్పుడూ అనలేదు. తేనెటీగ లాగా ఒక రొద. ప్రతి వాగు దగ్గరా మాత్రం ఆగేది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నిండుగా గాలి పీల్చి, "నువ్వూ" అనేది. నేనూ పీల్చేదాన్ని. అప్పుడు నీళ్ళలో దిగేవాళ్ళం. నీళ్ళు చల్లగా ఉంటాయని అలా చేయిస్తోందనుకున్నాను. అవతలి ఒడ్డుకి వెళ్ళగానే మళ్ళీ రొద మొదలయ్యేది.

చేతులు తుడుచుకోకుండానే నీ కాగితం తీశాను. తడి మరకలు పడ్డాయి. ఒక్కొక్క లోయా, ఒక్కొక్క వాగూ గుర్తు చేసుకుంటూ పెన్సిలుతో గీతలు గీశాను. గీత పడ్డ ప్రతిచోటా ఒక గాలి పేరు పూర్తవుతోంది వదినా! ఒక్కటి కూడా మధ్యలో తెగలేదు. కొండ చరియ ముక్క అంత పొడుగెందుకో తెలుసా? అక్కడ వాగు లేదు. ఆ దారంతా అమ్మ నన్ను చంకనేసుకుని ఒక్క బిగిన నడిచేది.

మాటలు ఇవ్వలేనని, ఊపిరి ఇచ్చింది నాకు. యాభై ఏళ్ళుగా అది నా దగ్గరే ఉందని నాకు తెలియలేదు.

మాటలు నీ దగ్గర ఉన్నాయి, ఆగే చోట్లు నా దగ్గర ఉన్నాయి. ఇది ఉత్తరాల్లో తేలే పని కాదు. నేను వస్తున్నాను. ఈసారి సరాసరి వంటింట్లోకి రాను.

వాకిట్లో నిలబడి ఎలా అడగాలో నాకు రాదు కదా, అందుకని ఆ పిల్లల బడిలో చేరాను. నవ్వకు. రోజూ పొద్దున్నే పిల్లలంతా తలుపు బయట వరస కట్టి, లోపలికి రానివ్వమని పిలుపు పాడతారు. పంతులమ్మ నోహెయా లోపలినుంచి జవాబు పాడాకే గడప దాటతారు. నేను వరస చివర నిలబడుతున్నా. నా ముందు నిలబడే పిల్ల నిన్న వెనక్కి తిరిగి, వాళ్ళ బామ్మని పిలిచినట్టే, "తూతూ, అలా అరిస్తే లోపలివాళ్ళు తలుపేసుకుంటారు" అంది. ఇవాళ కొంచెం నయమట.

కేహావు


కమాలో
జులై

కేహావుకి,

నువ్వు వెళ్ళి వారమైంది. ఇల్లు బోసిగా ఉంది. నువ్వు మడతపెట్టిన దుప్పటి ఇంకా తియ్యలేదు.

నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు చెప్పలేకపోయింది రాస్తున్నాను. నువ్వు వాకిట్లో నిలబడి పిలిచినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నాను. నిద్రపోలేదు. పౌలో గాడు బండి దగ్గర్నుంచి, "ముసలిది చెవిటిదైపోయింది, లోపలికి పోండి అత్తా" అని అరవడం కూడా విన్నాను. నువ్వు కదల్లేదు. రెండోసారి పిలిచావు.

మొదటిసారి ఎందుకు జవాబివ్వలేదంటే, అది మా అత్త గొంతు. నీకు తెలుసో తెలియదో, మాట్లాడేటప్పుడు కాదు, పిలిచేటప్పుడు నీది ఆవిడ గొంతే. చేతిలో చేమదుంప అలాగే పట్టుకుని నిలబడిపోయాను. రెండోసారి జవాబు పాడదామని నోరు తెరిచాను. రాలేదు. మూడోసారి నువ్వు పిలిచే లోపల దేవుడా ఒక్కసారి, ఒక్కసారి చాలు అనుకున్నాను. వచ్చింది, కప్ప గొంతులాగా. నువ్వు దానికే ఏడుస్తూ లోపలికొచ్చావు.

పౌలో బండిలో ప్రతి వాగు దగ్గరా దిగడం, నువ్వు ఊపిరి తీస్తే నేను ఆ గొంతుతోనే మాటలు అందించడం, వాడు తల పట్టుకోవడం! "మీ ఇద్దర్నీ కలిపితే గానీ ఒక మనిషి కాదు" అన్నాడు చూడు. వాడు జన్మలో అన్న తెలివైన మాట అదొక్కటే.

ఇక నువ్వు తేల్చుకుంటానన్న సంగతి. గొంతులో గడ్డ ఉంది. కొయ్యాలట. కోశాక మాట ఉండదట. డాక్టరు చాలా మంచివాడు, చెప్పడానికి పాపం చాలా కష్టపడ్డాడు. జనవరిలోనే తెలుసు నాకు. పాట నీ చేతిలో పడేదాకా కత్తి దగ్గరికి రానివ్వనని వాయిదా వేస్తూ వచ్చాను. కోప్పడకు. ఇక వాళ్ళు రోజు చెప్పగానే వస్తాను హొనొలులుకి. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నువ్వు వచ్చి ఇల్లూ, కోళ్ళూ, మడుగూ చూసుకోవాలి. నా దగ్గర కూర్చుంటానని మొండికెయ్యకు. కోళ్ళని ఎవరు చూస్తారు?

పుస్తకం వెయ్యండి. పాట వెయ్యండి. వాకిట్లో పాడే పిలుపు కూడా వెయ్యండి, అది అందరికీ కావాలి. జవాబు మాత్రం వెయ్యొద్దు. జవాబు ఇంటిది. కావాలంటే వచ్చి వినాలి. నీకు చెవిలో చెప్పానుగా, అది చాలు.

నీ వదిన


కమాలో
అక్టోబరు

లుయికా వదినకి,

చూశావా, మన చోట్లు తారుమారయ్యాయి. నీ బల్ల మీద, నీ కలంతో, హొనొలులులో ఉన్న నీకు ఉత్తరం రాస్తున్నాను.

ఆపరేషన్ బాగా అయిందని కవికా పౌలో ఇంటికి ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు పలక మీద రాసి నర్సుల్ని తిడుతున్నావట. మనసు కుదుటపడింది. కోళ్ళు బాగున్నాయి. మడుగు గోడలో రెండు రాళ్ళు ఊడితే సర్దాను. బల్లి ఆవిడ చూస్తుందని భయం.

పుస్తకం నీకు కవికా తెచ్చి చూపించే ఉంటాడు. గాలుల పాటలో కొన్ని పేజీల్లో మూడే వరసలు, చరియ పేజీ మాత్రం మడత విప్పితే గజం పొడుగు. "కాగితమంతా తెల్లగా దండగైపోతోంది టీచర్" అని కవికా గొణిగాడు. ఆ తెలుపంతా వాగులే నాయనా అని చెప్పాను.

నిన్న జరిగింది నీకు చెప్పాలి. ఆ బడి పిల్లలు వచ్చారు! తల్లిదండ్రులు, నోహెయా, అందరూ విమానం దిగి, పౌలో బండిలో సగంమంది, చర్చి బండిలో సగంమంది. నేను కోళ్ళకి మేత వేస్తున్నాను. గేటు దగ్గర వరస కట్టి నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో పుస్తకం. ముందు గాలుల పాట అందుకున్నారు. వాగు వచ్చిన ప్రతిచోటా పేజీ తిప్పిన చప్పుడూ, పిల్లలంతా ఊపిరి పీల్చిన చప్పుడూ ఒక్కసారే వినిపించాయి. నా చెయ్యి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టయింది వదినా. చరియ పేజీ దగ్గర ఒక బుడ్డోడికి మొహం ఎర్రగా కందిపోయింది గానీ ఆపలేదు.

అది అయ్యాక పిలుపు పాడారు. నాకు భలే సంతోషమేసింది. నేనూ వాళ్ళలాగే వంటింటివైపు తిరిగి, నీ జవాబు కోసం చూశాను. ఎవరూ పలకలేదు. పిల్లలు మళ్ళీ పిలిచారు. నేను ఇంకా వంటింటి తలుపే చూస్తున్నాను. బడి వరసలో నా ముందు నిలబడి నా అరుపు దిద్దిన ఆ పిల్ల, "తూతూ, లోపలుండేది నువ్వే కదా?" అంది.

మేత గిన్నె కింద పెట్టి మెట్లెక్కాను. అరుగు మీద, నువ్వు నిలబడే చోట నిలబడ్డాను. వాగు దగ్గర పీల్చినట్టు పీల్చాను. జవాబు పాడాను. మొదటి మాటకి గొంతు వణికింది, తర్వాత వణకలేదు. పిల్లలు గడప దాటి లోపలికి వచ్చారు.

నువ్వు వినాల్సింది.

కేహావు


హొనొలులు
అక్టోబరు

ఆడపడుచుగారికి,

ఇక్కడ నా నోరు ఈ పలకే. తుడిచి రాసి, తుడిచి రాసి చెయ్యి నొప్పి పుడుతోంది. నర్సు ఒకమ్మాయి మన పిల్లే. పుస్తకం చూపిస్తే గాలుల పాట పైకి చదివింది. వాగు దగ్గర ఆగకపోతే మంచం పట్టె మీద కొట్టాను. రెండోసారి ఆగింది.

గొంతు పోయినందుకు దిగులుగా ఉందా అని డాక్టరు అడిగాడు. నీ ఉత్తరం వచ్చేదాకా ఉండేది. ఇవాళ పలక మీద రాసి చూపించాను: నా గొంతు పోలేదు, ఇంట్లో వదిలేసి వచ్చాను. ఆయనకి అర్థం కాలేదు. నీకు అర్థమైతే చాలు.

మా అత్త నా దగ్గర పెట్టింది నీకు ఇచ్చేశాను. చేతులు తేలికగా ఉన్నాయి.

ఇంత పెద్ద ఉత్తరం రాశావు గానీ, పిల్లలకి తినడానికి ఏం పెట్టావో ఒక్క ముక్క రాయలేదు. జవాబు పాడి లోపలికి పిలిచి, ఆకలితో పంపావంటే మీ అమ్మ ఊరుకోదు, నేనూ ఊరుకోను. గూట్లో ఎండుచేపలున్నాయి, వెనకాల చిలగడదుంపలున్నాయి. పెట్టావా, లేదా? వెంటనే రాయి.

నీ వదిన,
లుయికా